నీలం పాతిక

ఆమెను నేను గీయలేదు.
గీసినాయన న్యూయార్క్‌లో ఉండేవాడు,
పేజీ అడుగున ఆయన సంతకం.
ఆమె నోట్లో మాటలూ నావి కావు.
బ్రిడ్జ్‌పోర్ట్‌లో, కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ వెనక,
పద్దెనిమిది మంది ఆడవాళ్ళం వరసగా కూచునే గదిలో
ఆమె జుట్టుకి రంగు నింపాను,
ముప్పై ఒక్క ఏళ్ళు.

రంగు అంటే రంగు కాదు.
గాజులాంటి రేకు మీద అన్నిటికీ ఒకటే ఎర్ర సిరా.
ఏ రేకు ఏ రంగవుతుందో అచ్చుయంత్రానికే ఎరుక.
మార్జిన్‌లో అంకెలుండేవి:
పసుపు నూరు, ఎరుపు యాభై, నీలం పాతిక.
మూడూ ఒకదాని మీద ఒకటి పడితే
మా అమ్మ కోడిపులుసు మీద తేలే నూనె రంగు.
రాగిపిట్ట.

మొదట్లో ఆమె గడికి ఓ మూలన ఉండేది.
సగం భుజం, ఒక చెయ్యి,
"జాగ్రత్త!" అని అరిచే బుడగ.
ఎగరడం వచ్చు, ఎగరనిచ్చేవాళ్ళు కాదు.
నాలుగు సంచికలకోసారి
ఎవడో ఒకడు తాళ్ళతో కట్టేసేవాడు.
తాళ్ళకి పసుపు యాభై, ఎరుపు పాతిక.
ఎన్ని తాళ్ళు నింపానో నా వేళ్ళనడగాలి.

అరవై ఒకటి, మార్చి.
జూజీకి గవదబిళ్ళలు.
నాలుగేళ్ళ పిల్ల, చెంపలు రెండూ పొంగిన రొట్టెలు,
పక్కింటి మార్గిట్ ఒళ్ళో పడేసి వచ్చాను.
ఐదూ పదికి బస్సు.
ఆఖరి పేజీ, ఆఖరి గడి,
కట్లు తెంచుకుని ఆమె మొహం ఇటు తిప్పే గడి.
నీలం రేకు మీద
ఆ ఒక్క జుట్టూ మరిచిపోయాను.

అచ్చై వచ్చాక చూశాం.
గడంతా మామూలే, తల మాత్రం భగ్గున మండుతోంది.
మా మేస్త్రీ మిసెస్ వోయ్‌చిక్
నా కూలిలోంచి డాలరున్నర కోసింది.

ఆ పైన పిల్లల ఉత్తరాలు, బస్తాల్లో:
కోపమొస్తే ఆమె జుట్టు మండుతుందా?
మండుతుందని న్యూయార్క్ వాళ్ళు జవాబిచ్చారు.
అప్పట్నించీ మార్జిన్‌లోనే రాసొచ్చేది:
కోపం. నీలం వద్దు.
డాలరున్నర మాత్రం తిరిగి రాలేదు.

అరవై ఎనిమిదిలో టీవీకెక్కింది, పదమూడు వారాలు.
మా ఇంట్లోది నలుపూ తెలుపూ.
"అమ్మా, ఇప్పుడు మండుతోందా?"
"మండుతోంది," అనేదాన్ని
గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే.

ఎనభై ఆరులో చంపేశారు.
రెండు గడుల్లో సరి.
మూడో గడిలో ఆమె ప్రియుడు, వానలో, మోకాళ్ళ మీద.
అక్కణ్ణించి పేజీలన్నీ అతని దుఃఖమే.
వానకి నీలం పాతిక. ఆ నెల నీలానికి కరువు లేదు.
నేల మీద పరుచుకున్న జుట్టుకి
అంకె రాయడం మరిచారు.
అడగాలి.
అడగలేదు. నీలం వెయ్యలేదు.
చచ్చాక కూడా ఆమెకి కోపం ఉండాలనిపించింది, అంతే.

ఎనిమిదేళ్ళకి ఎవరో కుర్రాడు
ఆ గడి పట్టుకుని కథ అల్లాడు:
తల మండుతోందంటే బతికే ఉంది.
అప్పటికి మా బల్లలు అమ్మేశారు.

ఇప్పుడు సినిమా.
జూజీ తీసుకొచ్చింది. దానికి మోకాళ్ళ నొప్పి, నాకు చక్రాల కుర్చీ.
తెర మీద రాగిపిట్టకి బొగ్గు రంగు బట్టలు.
జుట్టెందుకు మండుతుందో వివరంగా చెప్పారు:
ఒక ఉల్క, చనిపోయిన తండ్రి, ఏదో శాపం,
పన్నెండు నిమిషాలు.
నాకు నవ్వాగలేదు.
"గవదబిళ్ళలే," అన్నాను పైకే.
ముందు వరస నుంచి ఎవరో కసిరారు.
జూజీ చీకట్లో తన చెంప తడుముకుంది.

ఆ తర్వాత మండింది.
హాలంతా లేచి నిలబడింది, నాకు తెర కనపడలేదు.
పక్కకి తిరిగి అరుస్తున్న పిల్లల మొహాలు చూశాను.
పసుపు నూరు, ఎరుపు యాభై.

పేర్లు మొదలయ్యాయి.
మంటకే నూట నలభై మంది!
ఒక్కో పేరూ చదువుతూ కూచున్నాను,
వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో అనుకుంటూ.

చీపురు పట్టుకుని ఓ కుర్రాడొచ్చాడు.
"ఇంకో సీను కోసమా, అమ్మా?"
"కాదు బాబూ.
ఈ పూట బస్సు తొందరేం లేదు."